గేటు పెట్టమన్న అర్జీ: పాత నగరంలో ఒక గల్లీ తగాదా

బస్తీల్లో తగవులకు మధ్యవర్తిత్వం చేసే మా బోటివాళ్ల దగ్గరికి రెండు రకాల అర్జీలు వస్తుంటాయి. ఫలానావాడు నన్ను కొట్టాడన్నది ఒకటి, మా గల్లీకి రక్షణ లేదన్నది రెండోది. మొదటి రకంలో నష్టపోయిన మనిషి ఎదురుగా కనిపిస్తాడు. రెండో రకంలో సంతకాలు పెట్టినవాళ్ల భయం మాత్రమే కనిపిస్తుంది. సంతకం పెట్టమని ఎవరూ అడగని మనుషుల భయం ఆ కాగితం మీదికి రాదు. అది కూడా విన్నాక కేసు ఎలా తిరిగిపోతుందో చూపించడానికి ఇది రాస్తున్నాను.

బస్తీ పేరు చెప్పను. వయసులు, వృత్తులు, కొన్ని సంఘటనల క్రమం మార్చాను. ముఖ్యులైన వాళ్లకు చదివి వినిపించి, సరే అన్నాకే బయటపెడుతున్నాను.

గల్లీ సంగతి

మూసీకి దక్షిణాన, హైదరాబాద్ పాత నగరం అంచున ఉన్న బస్తీ. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఒక్కటే దారి. మొదటి సగాన్ని పై గల్లీ అంటారు. అక్కడివన్నీ సొంత ఇళ్లు. హిందువులు, ముస్లింలు రెండు మూడు తరాలుగా గోడకు గోడ ఆనుకుని ఉంటున్నారు. పోచమ్మ గుడి, మొహర్రంలో పీర్లను నిలిపే ఆశూర్‌ఖానా రెండూ ఆ గల్లీలోనే ఉన్నాయి. అక్కడ ఒక మలుపు, మలుపులో చబుత్రా, అంటే అరుగు. మలుపు దాటితే కింది గల్లీ. అది నాలా (మురుగు కాలువ) గోడ దాకా పల్లంగా దిగుతుంది. కింది గల్లీ నిండా అద్దె గదులే. పాలమూరు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు, ఒడిశా, బిహార్ కుర్రాళ్లు, ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్‌కు పోయే ఆడవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఒక ట్రాన్స్ మహిళ అక్కడ ఉండేవాళ్లు. కింది గల్లీ మనిషి ఎవరైనా బయటికి రావాలంటే పై గల్లీ మీదుగా రావాల్సిందే.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. లైన్‌మ్యాన్ వాల్వు తిప్పేది రాత్రి రెండున్నర, మూడు మధ్య. పై గల్లీలో ఇంటింటికీ కనెక్షన్ ఉంది. కింది గల్లీకి రెండు వీధి నల్లాలే దిక్కు. మొదటిసారి ఆ బస్తీకి వెళ్లినప్పుడు ఈ నీళ్ల సంగతి మాకెవరూ చెప్పలేదు. తగాదాకు దానితో సంబంధం ఉందని వాళ్లూ అనుకోలేదు.

అర్జీలో ఏముంది

పై గల్లీ ఇంటి యజమానులు పోలీస్ స్టేషన్‌కు, కార్పొరేటర్‌కు ఒకే అర్జీ ఇచ్చారు. గల్లీ మొదట్లో గేటు పెట్టి రాత్రి పదినుంచి తెల్లవారి ఐదుదాకా తాళం వేయాలి. మలుపులో ఇంకో రెండు కెమెరాలు కావాలి. కింది గల్లీలో ఒంటరి మగవాళ్లకు, హిజ్రాలకు గదులు ఇవ్వకూడదు. ఇవీ వాళ్ల కోరికలు.

దీనికి ముందు మే నెలాఖరులో ఒక రాత్రి మలుపు దగ్గర కొట్లాట జరిగింది. పై గల్లీ కుర్రాళ్లు ఒకవైపు, అద్దె గదుల్లో ఉండే ఇద్దరు కుర్రాళ్లు ఇంకోవైపు. అద్దెకున్న కుర్రాడొకరికి తలకు కుట్లు పడ్డాయి, ఫోను పగిలింది. కొట్టినవాడిదీ దెబ్బ తిన్నవాడిదీ వేర్వేరు మతం. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో నెత్తురోడుతున్న మనిషి ఫొటో తిరిగింది. అది ఈ గల్లీది కాదు, ఎక్కడిదో తెలియదు. రెండు రాత్రులు పోలీసు పికెట్ పెట్టాల్సి వచ్చింది. బోనాలు దగ్గర పడుతున్నాయి. కేసు సంగతి తాము చూసుకుంటామని, గల్లీలో మాటలు కలిసే దారి మీరు చూడండని స్టేషన్ నుంచి మమ్మల్ని అడిగారు.

అప్పటికే చేసి చూసినవి

ఆ చబుత్రా మీద కూర్చునే కుర్రాళ్లకు కౌన్సెలింగ్ కొత్తది కాదు. పాత నగరంలో పోలీసులు మిషన్ చబుత్రా పేరుతో అర్ధరాత్రి అరుగుల మీద కాలక్షేపం చేసే కుర్రాళ్లను తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి, మాట్లాడి పంపడం చాలామందికి తెలుసు. ఈ కుర్రాళ్లలో కొందరు అలా వెళ్లొచ్చినవాళ్లే. కొన్నాళ్లు అరుగు ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఎందుకని అడిగితే ఒక కుర్రాడు ఇల్లు చూపించాడు. ఒకే గది. అందులో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు పడుకుంటారు. తండ్రి రాత్రి ఆటో నడిపి నాలుగింటికి వస్తాడు. అప్పటిదాకా పద్దెనిమిది దాటిన కొడుకు ఎక్కడుండాలి? కౌన్సెలింగ్‌లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే అక్కడ దీన్నెవరూ అడగరు.

జనం చందాలతో కెమెరాలు పెట్టించే పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద డబ్బులు వేసుకుని చబుత్రాకు ఎదురుగా ఒక కెమెరా పెట్టుకున్నారు. కెమెరాల మీద నాకు వ్యతిరేకత లేదు. దొంగతనం జరిగితే, బండి గుద్ది పోతే అవి పనికొస్తాయి. ఇక్కడ మాత్రం కెమెరా వచ్చాక కుర్రాళ్లు దాని చూపు దాటి మలుపు అవతలికి జరిగారు. అక్కడ స్తంభం మీది లైటు ఎప్పుడో పోయింది. అది కింది గల్లీ ఆడవాళ్లు బిందెలతో, డబ్బాలతో నిలబడే చోటు. పై గల్లీకి కొంత నెమ్మది దొరికింది, దాని ఖరీదు కింది గల్లీ కట్టింది. అర్జీలో ఇంకో రెండు కెమెరాలు అడిగినప్పుడు మా మొదటి అనుమానం ఇక్కడే మొదలైంది. ఈసారి ఆ కుర్రాళ్లు ఎక్కడికి జరుగుతారు?

కొట్లాట తర్వాత రెండు వైపుల వాళ్లనూ బైండోవర్ చేశారు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 107వ సెక్షన్ కింద జరిగే ఈ పని 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 126వ సెక్షన్ కింద జరుగుతోంది. ఇన్నాళ్లపాటు శాంతికి భంగం కలిగించనని పూచీ రాసివ్వడం దీని సారం. పండుగల ముందు మళ్లీ చేతులు లేవకుండా ఆపడానికి ఇది అవసరమే. కానీ దెబ్బ తిన్న కుర్రాడికి ఇది వేరేగా తగిలింది. "కొట్టింది వాళ్లు, పూచీ నేనూ రాయాలా?" అన్నాడు. ఇంటి ఓనరు ఆ కాగితం సంగతి విని గది ఖాళీ చేయమన్నాడు.

తీసుకోవాలా, వద్దా

బస్తీలో మధ్యవర్తిత్వానికి ఒక పెద్ద ప్రమాదం ఉంది. నేరాన్ని తగాదాగా మార్చేసి, బలహీనుడి చేత సర్దుకుపోయేలా చేయవచ్చు. అందుకే ముందు ఏది మా ముందుకు రాకూడదో విడదీశాం. తల పగిలిన కేసు ఆ దెబ్బ తిన్న కుర్రాడిది. చిన్న గాయాల కేసులో రాజీ పడే హక్కు గాయపడిన మనిషికే ఉంటుందని బీఎన్‌ఎస్‌ఎస్ 359వ సెక్షన్ చెబుతుంది. గల్లీ పెద్దలకూ లేదు, మాకూ లేదు. కేసు వెనక్కి తీసుకోవడం ఏ ఒప్పందంలోనూ షరతుగా ఉండదని ఇద్దరికీ మొదటి రోజే చెప్పాం. పై గల్లీ వాళ్లకు ఇది నచ్చలేదు. అది లేకపోతే మాట్లాడి లాభమేంటన్నారు. కేసుకు ముందు గల్లీ ప్రశాంతంగా ఉండేదా అని అడిగాం. లేదన్నారు. అయితే మాట్లాడదాం అన్నాం.

విడిగా విన్నప్పుడు ప్రతి ఒక్కరికీ మొదట ఒక మాట చెప్పాం. మీరు చెప్పింది మా దగ్గరే ఉంటుంది, 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి గురించి తెలిస్తే మాత్రం దాచలేం. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. ఈ మాట ముందే చెప్పడం వల్ల కొందరు నోరు విప్పకపోవచ్చు. నమ్మి చెప్పాక వెన్నుపోటు అనిపించడం కంటే ఆ నష్టమే చిన్నది.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి, ఒక కుర్రాడు బస్టాపు దాకా వెంటపడుతున్నాడని చెప్పింది. దీన్ని మేం గల్లీ చర్చలోకి తేలేదు. వేధింపు మీద బేరం ఉండదు. ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 అక్టోబరు నుంచి నగరంలో పనిచేస్తున్నాయి. ఆమె కోరిక మీద మా బృందంలోని ఒక మహిళ తోడు వెళ్లింది. ఆ తర్వాతి సంగతి ఆమెది, ఇక్కడ రాయను. ఆ కుర్రాడిని మాత్రం మా పనిలో ఏ పాత్రలోనూ చేర్చుకోలేదు.

ఆదివారం సభ

ఈలోగా పై గల్లీ పెద్దలు వాళ్లకు అలవాటైన దారిలో వెళ్లారు. ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో శాంతి సభ పెట్టారు. మసీదు కమిటీ, గుడి కమిటీ, రెండు పార్టీల బస్తీ నాయకులు వచ్చారు. మమ్మల్నీ పిలిచారు, వెళ్లాం. మంచి మాటలే జరిగాయి. పీర్ల పండుగకు గుడి దగ్గర షర్బత్ పోసిన రోజులు, బోనాల ఊరేగింపుకు ముస్లిం ఇళ్ల ముందు నీళ్లు చల్లిన రోజులు గుర్తుచేసుకున్నారు. ఆ జ్ఞాపకాలకు విలువ లేదనను. వాట్సాప్ ఫొటో మంట అంటుకోకుండా నిలిపింది ఆ పెద్దల మధ్య ఉన్న పరిచయమే. పది తర్వాత చబుత్రా మీద ఎవరూ కూర్చోకూడదని రాసి సంతకాలు చేశారు.

వారం తిరక్కుండానే అది చెడిపోయింది. కారణం అర్థం కావాలంటే ఆ హాల్లో ఎవరు లేరో చూడాలి. చబుత్రా మీద కూర్చునేవాళ్లలో ఒక్కరూ లేరు, ఆ టైముకు వాళ్లింకా నిద్ర లేవరు. కింది గల్లీ ఆడవాళ్లు లేరు, ఆదివారం ఇళ్ల పనులు ఎక్కువ, ఫంక్షన్ హాళ్లు నిండుగా ఉంటాయి. రాత్రి రెండింటికి ఆ మలుపులో నిలబడిన అనుభవం హాల్లో ఎవరికీ లేదు. పైగా కుర్చీలు రెండు మతాల వారీగా వేసుకున్నారు. కొట్లాట మతం వల్ల జరిగిందని అప్పటికి ఎవరూ రుజువు చేయలేదు. హాలు మాత్రం అలాగే అనుకుంది.

గంటల వారీ లెక్క

అందుకని మేం మనుషుల దగ్గరికి వాళ్ల వేళల్లో వెళ్లాలని నిర్ణయించుకున్నాం. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ ఒక పద్ధతి తయారుచేసింది. ఆడవాళ్లే తమ వీధిలో నడుస్తూ ఎక్కడ భయం వేస్తుందో, ఎందుకో గుర్తు పెట్టుకుంటారు. ఆ తర్వాత అది చాలా దేశాలకు పాకింది. ఇక్కడ దాన్ని ఉన్నదున్నట్టు వాడలేం. పై గల్లీలో చాలామంది ఆడవాళ్లు రాత్రిపూట గడప దాటరు. నడవమంటే వాళ్లు లెక్కలోంచి జారిపోతారు. వాళ్లను వేరేగా అడిగాం: రాత్రి మీ కిటికీ దగ్గర ఏ గంటకు ఏం వినిపిస్తుంది? సైలెన్సర్ తీసేసిన బండి, గేటు చప్పుడు, కుక్కలు, ఎవరో పరుగెత్తిన అడుగులు. వాళ్లు చూడని గల్లీని చెవులతో అంత వివరంగా చెప్పారు.

కింది గల్లీ ఆడవాళ్లతో నీళ్లు వచ్చే రాత్రి కలిసి నిలబడ్డాం. నేల మీద సుద్దతో గల్లీ గీసి, ఎక్కడ ఆగుతారో, ఎక్కడ అడుగు వేగం పెంచుతారో గుర్తులు పెట్టమన్నాం. తెలుగు, ఉర్దూ, ఒడియా ఏదీ చదవనక్కర్లేదు, రాయి పెడితే చాలు.

ఈ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టాక మొదటిసారి అసలు బొమ్మ కనిపించింది. పై గల్లీ భయం పదినుంచి పన్నెండు మధ్య ఉంది. అదంతా చప్పుళ్లు, బండ్లు, అరుపులు. కింది గల్లీ భయం రెండునుంచి ఐదు మధ్య, చీకటి మలుపులో ఉంది. హిందూ ఇళ్లు, ముస్లిం ఇళ్లు ఒకే గంటకు ఒకే సంగతి చెప్పాయి. తేడా మతానిది కాదు, ఇల్లు చబుత్రాకు ఎటువైపు ఉందన్నదే. ఇక గేటు కోరిన వేళ పది నుంచి ఐదు. సరిగ్గా ఆ వేళలోనే కేటరింగ్ ఆడవాళ్లు తిరిగొస్తారు. సెక్యూరిటీ గార్డులు డ్యూటీ మారతారు. ఎవరికైనా బాగోలేకపోతే 108 బండి రావాల్సింది ఆ వేళే.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది గది అద్దెకున్న ట్రాన్స్ మహిళ మాట. ఆమె ఇంటికి చేరేది రాత్రి పన్నెండు దాటాకే. ఆ గల్లీని ఆ వేళలో ఆమెకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు. ఎప్పుడు ధైర్యంగా ఉంటుందని అడిగితే ఇలా అంది: "పోరగాళ్లు అరుగు మీద ఉన్ననాడు అక్కా. ఏదో ఒకటి అంటరు, నేను రెండంట. కానీ బయటోడెవ్వడూ నా ఎంబడి గల్లీలకు రాడు." కేటరింగ్‌కు పోయే ఒకామె కూడా ఖాళీ గల్లీ కంటే వాళ్లుండటమే నయమంది. పక్కనే ఉన్న ఇంకొకామె ఊరుకోలేదు. "నీకు నయమేమో. నా బిడ్డను చూసి ఈలేస్తరు, నాకెట్ల నయం?" అంది. రెండు మాటలూ రాసుకున్నాం. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయలేదు.

కుర్రాళ్లను తరిమేస్తే కొందరికి రక్షణ పోతుంది. ఉన్నట్టే ఉంచితే ఇంకొందరికి బాధ తప్పదు. కాబట్టి వాళ్లు ఉండాలా వద్దా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎక్కడ, ఎంత వెలుతురులో, ఎవరి మాట వినే షరతు మీద ఉండాలి అన్నదాని మీద పని మొదలుపెట్టాం.

నీళ్ల దగ్గర తేలిన ముడి

తెల్లవారుజామున వీధి నల్లాల దగ్గర నిలబడితే పై గల్లీలో మోటార్ల హోరు వినిపిస్తుంది. నల్లా లైనుకు నేరుగా మోటారు బిగించి లాగడం నగరానికి నీళ్లిచ్చే జలమండలి నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే మోటారు జప్తు, జరిమానా. అయినా ఎండాకాలంలో ప్రెషర్ తగ్గితే ఒకరు బిగిస్తారు, వాళ్లను చూసి పక్కింటివాళ్లు బిగిస్తారు. మోటార్లు నడిచినంతసేపు కింద నల్లా సన్నగా కారుతుంది. గంటలో అయిపోవాల్సిన పనికి ఆడవాళ్లు మూడు గంటలు ఆ చీకట్లో నిలబడతారు. కుర్రాళ్ల బండ్లు నిలిపేది కూడా కెమెరాకు అందని ఆ మలుపులోనే.

కొట్లాట రాత్రి ఏం జరిగిందని ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా చెప్పింది ఒకేలా ఉంది. అద్దె కుర్రాళ్లు నీళ్ల డబ్బాలు పెట్టిన తోపుడు బండిని తీసుకెళ్తుంటే దారికి అడ్డంగా బైకు ఉంది. దాన్ని పక్కకు జరపబోతే ట్యాంకు మీద గీత పడింది. మాటా మాటా పెరిగింది. స్టేషన్ కాగితంలో ఈ బైకు లేదు, వాట్సాప్ కథలో అసలే లేదు.

ఇక్కడ ఒక కష్టమైన నిర్ణయం ఎదురైంది. మోటార్ల గురించి జలమండలికి చెబితే కింది గల్లీకి న్యాయం, రేపే నీళ్లు. కానీ పై గల్లీ మొత్తం ముద్దాయి అవుతుంది, మాటలు ఆగిపోతాయి. చెప్పకపోతే మేం తప్పును కప్పిపుచ్చినట్టు. ఆ నిర్ణయం మాది కాదని తేల్చుకున్నాం, దాహం ఎవరిదో నిర్ణయం వాళ్లది. కింది గల్లీ ఆడవాళ్లకు ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పాం. చేస్తే తోడుంటామన్నాం, చేయకపోయినా పై గల్లీతో మాట్లాడటం మేం ఆపబోమన్నాం. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని కొన్నాళ్లు ఆగుదామనుకున్నారు. "ఫైన్ కట్టినోని కోపం మళ్ల మా మీదనే పడతది" అన్నది వాళ్ల లెక్క. తాము కోరితే ఫిర్యాదు చేయగలమన్న బలం చేతిలో ఉంచుకుని ఆగడం వేరు, దిక్కులేక ఊరుకోవడం వేరు. తర్వాతి మాటల్లో ఆ తేడా బాగా పనిచేసింది.

పై గల్లీలో ట్యూషన్లు చెప్పే ఒక ముస్లిం మహిళ దగ్గర ఈ విషయం విడిగా ఎత్తాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తన మోటారు ఆగితే కింద బిందె నిండుతుందని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదంది. ఆ సాయంత్రమే ఇంకో నాలుగిళ్లకు తనే వెళ్లింది. వాటిలో రెండు హిందూ ఇళ్లు.

ముగ్గురు ఎవరు

2023 మధ్యవర్తిత్వ చట్టంలో 43, 44 సెక్షన్లు బస్తీ స్థాయి తగాదాల గురించే. ఒక ప్రాంతంలో శాంతి సామరస్యాలు దెబ్బతినేలా ఉన్న తగాదాను ఇరుపక్షాల ముందస్తు సమ్మతితో ముగ్గురు మధ్యవర్తుల ముందు తేల్చుకోవచ్చని, మధ్యవర్తుల ప్యానెల్ తయారుచేసేటప్పుడు మహిళలకూ ఇతర వర్గాలకూ చోటు ఆలోచించాలని అందులో ఉంది. కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీలా అమలుచేయదగ్గది కాదని కూడా ఉంది. మేం ఆ చట్టం కింద కూర్చోలేదు, అందులోని చట్రాన్ని తీసుకున్నాం. డిక్రీ కాదన్న మాట చాలామందికి లోపంలా కనిపిస్తుంది. నాకైతే అది మంచి క్రమశిక్షణ. కోర్టు అమలు చేయదు కాబట్టి, తప్పితే గల్లీలో అందరికీ కంటికి కనిపించే మాటలనే ఒప్పందంలో రాయాలి. "గౌరవంగా మెలగాలి" అని రాస్తే ఎవరు తప్పారో ఎవరికీ తెలియదు. "బైకు మలుపులో పెట్టకూడదు" అంటే చిన్నపిల్లలు కూడా చూసి చెప్పగలరు.

ముగ్గురిలో ఒకరు పై గల్లీ మహిళా సంఘాల సమాఖ్య నాయకురాలు. బస్తీ జనం చేతే బస్తీ పనులు చేయించాలన్న పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు హైదరాబాద్‌లో 1967లోనే మొదలైంది. ఆ పరంపరలో పొదుపు సంఘాలు నడిపిన మనిషికి ఇంటింటి అప్పుల లెక్కతో పాటు అలకల లెక్క కూడా తెలుసు. రెండోవారు ఆటో నడిపే పెద్దాయన. ఒకప్పుడు అదే చబుత్రా మీద కూర్చుని పెరిగినవాడు, కుర్రాళ్లు చాచా అని పిలుస్తారు. మూడో స్థానానికి కింది గల్లీ వాళ్లు కేటరింగ్‌కు పోయే పాలమూరు మహిళ పేరు చెప్పారు.

అక్కడ ఆగిపోయింది. కిరాయిదారు తీర్పరిగా కూర్చోవడం ఏమిటని ఓనర్లు అడ్డం తిరిగారు. "రేపు ఖాళీ చేసి పోయే మనిషికి గల్లీ మీద ఏం బాధ్యత?" ఈ అభ్యంతరాన్ని మేం తేలిగ్గా తీసుకోలేదు. అందులో నిజం ఉంది, ఒప్పందం నిలవాలంటే మనిషి నిలకడగా ఉండాలి. కానీ ఒప్పందం చెడితే మొదట ఇల్లు పోయేది ఆమెకే. కొట్లాట తర్వాత గది ఖాళీ చేయమన్నది ఎవరిని? ఈ వాదన సగం మందినే కదిలించింది. మిగతా సగాన్ని కదిలించింది కింది గదుల ఓనర్లలో ఒకాయన మాట. కొట్లాట తర్వాత తన రెండు గదులు ఖాళీగా పడున్నాయని, కొత్తవాళ్లు ఆ గల్లీయా అని వెనక్కి పోతున్నారని చెప్పాడు. కింది గల్లీ నెమ్మది తమకూ ఆదాయమేనని అప్పుడు అర్థమైంది. ఆమె ఖాళీ చేసి వెళ్తే కింది గల్లీ వాళ్లే ఇంకొకరిని పంపాలన్న షరతుతో ఒప్పుకున్నారు.

కూర్చునే రోజు కూడా ఆలోచించి పెట్టాం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కేటరింగ్ ఆడవాళ్లు ఇళ్లల్లోనే ఉంటారు. ఇళ్ల పనివాళ్లు మధ్యాహ్నం మూడుకల్లా వస్తారు. కుర్రాళ్లు అప్పటికి లేస్తారు. జుహర్, అసర్ నమాజుల మధ్య, మామూలు రోజున, చబుత్రా పక్కనే షామియానా వేశాం. కమ్యూనిటీ హాలు వద్దన్నది కుర్రాళ్లు. ఆ హాల్లో ఎప్పుడూ తిట్లే తిన్నామన్నారు.

రాసుకున్నది

నీళ్లు వదిలిన మొదటి గంట పై గల్లీలో ఎవరూ మోటారు వేయరు. వాల్వు తిప్పగానే లైన్‌మ్యాన్ ముగ్గురిలో ఒకరికి మిస్డ్ కాల్ ఇస్తాడు. మోటార్లు పూర్తిగా తీసేయాలన్న మాట కింది గల్లీ వదులుకోలేదు, దాన్ని రెండు నెలల తర్వాతికి పెట్టారు. బండ్లు మలుపు ఇవతల, కెమెరా కిందే ఆపాలి. చబుత్రా మీద కూర్చోవచ్చు, మలుపు అవతల వద్దు. పదకొండు తర్వాత హారన్లు, పాటలు బంద్. గల్లీ మనుషుల వీడియో ఎవరూ తీయకూడదు. గల్లీ గురించి ఫోనులో ఏదైనా వస్తే ముందుకు పంపేముందు ముగ్గురిలో ఒకరికి ఫోను చేయాలి. కెమెరా ఫుటేజీ ఇద్దరి సమక్షంలోనే చూడాలి, అందులో ఒకరు మహిళ. ఆడపిల్లల రాకపోకలు చూసేందుకు దాన్ని వాడకూడదని పట్టుబట్టింది పై గల్లీ అమ్మాయిలే. స్తంభం లైటు కోసం జీహెచ్‌ఎంసీకి రెండు గల్లీలూ కలిసి అర్జీ ఇవ్వాలి. గేటు అర్జీ పక్కన పెట్టాలి.

ఈలల సంగతి మీద ఎక్కువసేపు నడిచింది. కుర్రాళ్లు అది తమాషాకేనన్నారు. కూతురు గురించి మాట్లాడిన తల్లి అందరి ముందూ లేచి, ఏ వేళకు, ఎక్కడ, ఏమన్నారో చెప్పింది, పేరు మాత్రం చెప్పలేదు. ఆటో చాచా అడిగింది ఒక్కటే: "ఆమె చెప్పేది అబద్ధమా?" ఎవరూ అవుననలేదు. ఇంకోసారి జరిగితే ఈ ముగ్గురి దగ్గరికి రాదు, నేరుగా షీ టీమ్‌కు వెళ్తుందని రాసుకున్నారు. కుర్రాళ్లు సంతకం చేసిన మాటల్లో అన్నిటికంటే బరువైనది ఇదేనని నా నమ్మకం.

తెలుగులో, ఉర్దూలో రాసి, హిందీలో చదివి వినిపించాం. దెబ్బ తిన్న కుర్రాడికి కొట్టిన కుర్రాడి తండ్రి ఆస్పత్రి ఖర్చు, ఫోను డబ్బు ఇచ్చాడు. కేసులో రాజీ పడాలా వద్దా అన్నది ఆ కుర్రాడు అప్పుడు చెప్పలేదు, మేం అడగలేదు. చాలా రోజుల తర్వాత తన ఇష్టంతో రాజీకి వెళ్లాడు.

తర్వాత

బోనాలు గొడవ లేకుండా గడిచాయి. ఇది ఒప్పందం వల్లేనని చెప్పలేను, ఆ పండుగకు పోలీసు బందోబస్తు కూడా గట్టిగానే ఉంది. లైటు మాత్రం వచ్చింది. లైటు వచ్చాక మలుపు అవతల కూర్చునే అలవాటు దానంతటదే తగ్గింది. మోటారు మాట కొన్నిళ్లు తప్పాయి. మిస్డ్ కాల్ వచ్చిన గంటలోపే హోరు వినిపిస్తే కింది గల్లీ ఆడవాళ్లు ఆ ఇంటి ముందుకొచ్చి ఖాళీ బిందెలతో నిలబడేవాళ్లు. అరవలేదు, తిట్టలేదు. రెండు మూడుసార్లకు ఆ ఇళ్లు దారికొచ్చాయి. రెండు నెలల తర్వాత మోటార్లు తీసేయాలన్న చర్చ జరిగింది, సగం ఇళ్లు తీశాయి.

కొత్తగా గదుల్లోకి వచ్చేవాళ్లకు ఒప్పందం తెలియక ఒకసారి బండి విషయంలో మళ్లీ మాట పెరిగింది. అప్పటినుంచి గది ఇచ్చేటప్పుడే ఆ కాగితం చదివి వినిపించడం పాలమూరు అక్క తన పనిగా పెట్టుకుంది. మరుసటి ఎండాకాలంలో నీళ్ల మధ్య ఎడం పెరిగి మళ్లీ ఉద్రిక్తత వచ్చింది. ఆ ముగ్గురే రెండు గల్లీలనూ పిలిచి బిందెల వంతులు మార్చుకున్నారు. మాకు అంతా అయ్యాక తెలిసింది.

ఒకటి మాత్రం తేలలేదు. హిజ్రాలకు, ఒంటరి మగవాళ్లకు గదులివ్వకూడదన్న కోరిక అర్జీతోపాటు పక్కకు పోయిందే తప్ప ఓనర్ల మనసుల్లోంచి పోలేదు. ఏ వేళకు ఎవరికి భయమో మాకు అర్థమయ్యేలా చెప్పిన ట్రాన్స్ మహిళకు ఆ ఏడాది చివర్లో అద్దె ఉన్నట్టుండి పెంచారు. ఆమె వేరే బస్తీకి వెళ్లిపోయింది. ఒప్పందంలో అద్దెల గురించి ఒక్క మాటా లేదు కాబట్టి ముగ్గురు అడిగినా ఓనరు వినలేదు. కారణం చెప్పకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదని, ఏడాదిలోపు అద్దె పెంచకూడదని ఒక అదనపు మాట చేర్చాలని ఇప్పుడు కింది గల్లీ అడుగుతోంది. ఇద్దరు ఓనర్లు ఒప్పుకున్నారు, మిగతావాళ్లతో మాటలు నడుస్తున్నాయి.